మూడు మూతుల పంపు

ఆరాధన మొదలైనట్టుంది. మైకు సరిచేస్తూ పాస్టరుగారు దగ్గిన దగ్గు చర్చి ప్రహరీ దాటి, వరి మడి దాటి, నేరుగా మా వాకిట్లోకి వచ్చి, అబిగయీలమ్మా, నీ చోటు ఖాళీగా ఉందేమి అని నిలదీసినట్టుంది. ఉంటుంది మరి. నేనిక్కడ పీట వేసుకుని మా ఆయన బండి పక్కన కూర్చుని, చేతికి పాత గుడ్డ చుట్టుకుని పెట్రోలు పైపు పీకుతున్నాను. ఆదివారం పూట, అందరూ ఉతికిన బట్టలు కట్టుకుని పాటలు పాడే వేళ, నాకు ఈ జిడ్డు పని. దేవుడు చూస్తున్నాడు, చూడనీ. చూడవలసింది మాత్రం ఈ మనిషి, వసారాలో నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకున్న ఈ మనిషి. ఈయన ఒక్కసారి ఇటు తిరిగి, ఆ కుడిచెయ్యి ఒక్కసారి మంచం మీంచి ఎత్తితే చాలు, నేను ఎగ్గొట్టిన ఆరాధనకు బదులు వారమంతా ఉపవాసం ఉంటాను.

చెయ్యి రాక కాదు. అదే నా కడుపుమంట. పక్షవాతం వచ్చి మూడు నెలలు, కాలు దాదాపు వచ్చేసింది, గోడ పట్టుకుంటే పెరట్లోకి వెళ్లి వస్తాడు. నెల్లూరు ఆసుపత్రిలో కసరత్తు చేయించే అమ్మాయి, ప్రత్యూష అని, చేతులు చల్లగా ఉంటాయి, మాటలు ఇంకా చల్లగా, పోయిన సోమవారం నన్ను బయటికి పిలిచి చెప్పింది. "చేతిలో బలం ఉందమ్మా. ఆయనకే వద్దు. ఇలాగే పెట్టుకుంటే వేళ్లు బిగుసుకుపోతాయి, తర్వాత ఆయన కావాలన్నా కదలవు." ఆ మాట విన్నప్పటి నుంచి నాకు అన్నం సయించలేదు. పిసకమని ఆ పిల్ల ఇచ్చిన మెత్తటి బంతిని ఈయన ఎడమచేత్తో తీసి కోళ్లగంప వైపు విసిరేశాడు. బతిమాలాను, తిట్టాను, దుప్పటి నోట్లో కుక్కుకుని ఏడ్చాను. సంఘం వాళ్లు వచ్చి చుట్టూ నిలబడి ప్రార్థన చేశారు. పాస్టరుగారు, మన దేహం కూడా బండి లాంటిదే సమాధానం, యజమాని బాగుచేస్తాడు అన్నారు. నాకు ఒళ్లు మండింది. బండి అయితే ఎంత బాగుండేది, మా ఆయనే బాగుచేసేవాడు.

సమాధానం. మా ఆయనకు మా అత్త పెట్టిన పేరు. మా బైబిల్లో సమాధానం అంటే నెమ్మది, శాంతి. ఊళ్లో మిగతావాళ్లకి సమాధానం అంటే జవాబు. పెళ్లయిన కొత్తలోనే నాకు తెలిసిపోయింది, ఈయన దగ్గర ఆ రెండూ దొరకవని. ఏమయ్యా, ఎప్పుడొస్తావు అంటే, వచ్చినప్పుడు తెలీదా అంటాడు. నెమ్మది సంగతి అల్లూరు సెంటరులో ఎవరినైనా అడగండి, ఈయన బండ్లు బాగుచేసే రేకుల షెడ్డులోంచి వచ్చే తిట్లు బస్టాండు దాకా వినబడేవి. "ఎవడయ్యా ఈ బోల్టు ఇట్టా బిగించినోడు? చేతులా, చేటలా?" ఆ తిట్లు తినడానికే వచ్చినట్టు వచ్చేవాళ్లు బండ్లు నెట్టుకుంటూ. ఆ నోరు కూడా ఇప్పుడు మూతపడింది. మాట ముద్దగా వస్తుంది, అర్థం చేసుకోవాలంటే కాస్త ఓపిక కావాలి. ఆసుపత్రి నుంచి వచ్చిన వారం, చూడ్డానికి వచ్చినవాళ్లలో ఎవరో ఆ మాట విని నవ్వు ఆపుకోలేకపోయారు. చిన్న నవ్వే. ఆ రోజు గోడవైపు తిరిగాడు, ఈ రోజుకీ అదే గోడ. ఆ నవ్విన నోట్లో పుండు పడ, అనుకుని, మళ్లీ ప్రభువా క్షమించు అనుకున్నాను. రెండూ మనసారానే అనుకున్నాను.

ఊడింది. అబ్బ, ఎంత గట్టిపడిందో పైపు, నొక్కితే నొక్కు పడడం లేదు, వంచితే సన్నగా నెర్రెలు. మూడు నెలలు కదలకుండా ఉంటే రబ్బరైనా ఇంతే. దీన్ని ఇటు వేద్దాం. ఇదిగో అసలు సంగతి, పంపు. అరచేతిలో పట్టేంత డబ్బీ, మూడు మూతులు దానికి. మామూలు బండికి పంపుతో పనిలేదు, ట్యాంకు పైన ఉంటుంది, పెట్రోలు దానంతట అదే కిందికి దిగుతుంది. మా బండి ట్యాంకు ఉప్పుగాలికి అడుగున తుప్పుపట్టి జల్లెడైంది. కొత్త ట్యాంకు వేసుకోవచ్చుగా అంటే, బుర్ర ఉండగా ట్యాంకెందుకు మే అని, ఐదు లీటర్ల క్యాను వెనక చక్రం పక్కన కింద కట్టి, పాత స్కూటరు పంపు ఒకటి తెచ్చి మధ్యలో, క్యాను అడుగు కంటే కాస్త కిందగా పెట్టాడు. ఒక మూతిలోంచి పెట్రోలు లోపలికి వస్తుంది, ఇంకో మూతిలోంచి కార్బురేటరుకి పోతుంది, మూడో సన్న మూతి ఇంజనుకి. ఇంజను ఊపిరి పీల్చినప్పుడల్లా లోపలి రబ్బరు పొర వెనక్కీ ముందుకీ ఆడుతుందట, అది ఆడితే పెట్రోలు పైకి ఎక్కుతుందట. ఇదంతా నాకు రాత్రి అన్నం తింటూ చెప్పాడు, చారులో వేలితో బొమ్మ గీసి. నేను అప్పుడు విన్నానా? ఆ, ఊ అన్నాను. చెవులు మాత్రం విన్నాయి, మనసుకు చెప్పకుండా దాచిపెట్టుకున్నాయి.

ఆ పొర చిరిగిందని నేనే కనిపెట్టాను. గురువారం బండి తన్నితే నల్లటి పొగ వచ్చి, ఖళ్లు ఖళ్లుమని ఆగిపోయింది. మూత తీసి ఆయిలు వాసన చూస్తే పెట్రోలు కంపు. సన్న పైపు పీకితే అందులోనూ పెట్రోలు. కొడుకు సుశీల్ కుమార్ కృష్ణపట్నం పోర్టులో పని, వారానికోసారి వస్తాడు, వాడు "అమ్మా, ఆ ఇనుము ఇంకా ఎందుకమ్మా, పాతసామాన్ల వాడికి వేసెయ్" అన్నాడు, తండ్రి వినేట్టుగానే. మంచంలో కదలిక లేదు. ఎవరైనా తన బండిని ఇనుము అంటే ఊరుకునే మనిషా ఈయన? అప్పుడు భయమేసింది నాకు, నిజంగా. వాడిచేతే కొత్త పంపూ మూరెడు పైపూ నెల్లూరు నుంచి తెప్పించాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు.

నా ఎత్తు ఏమిటంటే, తప్పుగా బిగించాలి. ఈయన చెయ్యి కదపాలంటే బంతులతో కాదు, తప్పు పనితో. తప్పు బిగింపు చూస్తే ఈయనకు ఒళ్లు నిలవదు. ఒకసారి క్రిస్మసు ఆరాధనలో, పాస్టరుగారు గొర్రెల కాపరుల దగ్గరికి వచ్చారు, బయట ఎవడో చోక్ తియ్యకుండా బండిని తంతున్నాడు, తంతూనే ఉన్నాడు. పురుషుల వరసలోంచి ఈయన లేచాడు. కాళ్లు తొక్కుకుంటూ, పిల్లల్ని దాటుకుంటూ బయటికి పోయి, "ఒరేయ్, దాని ప్రాణం తీస్తావా" అని అరిచాడు. మైకులో కాపరులు ఆగిపోయారు. బండి స్టార్టయింది. ఈయన వచ్చి మళ్లీ కూర్చుని, కానివ్వండి అయ్యగారూ అన్నట్టు తలూపాడు. నాకు తల కొట్టేసినట్టయింది ఆ రోజు. ఇవాళ ఆ మనిషినే కావాలంటున్నాను, ఆ మొండితనం అంతా, ఆ నోరు అంతా, ఒక్క పిసరు తగ్గకుండా.

అందుకే, కొత్త పంపు మీద పెట్రోలు పోయే దిక్కు బాణం గుర్తు అటు చూపిస్తుంటే నేను పాత పైపులే ఇటు బిగించాను. బిగిస్తూ గట్టిగా, "క్యాను పైపు ఈ మూతికేనేమో లే, ఏ మూతైతే ఏం, అన్నీ మూతులేగా" అన్నాను. నులక కిర్రుమనలేదు. స్పానరు ఎత్తి కిందపడేశాను. క్లిప్పు బదులు చీర పీలికతో కడుతున్నట్టు, "ఇదిగో, ఈ గుడ్డముక్క చాలదూ" అన్నాను. వీపు. మాసిన బనీను, మెడ కింద ఎముక. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టే ఉంది, ఈయనకేమో చెవుడు కూడా లేదు. పాటలు అయిపోయాయి, వాక్యం మొదలైంది, పాస్టరుగారి గొంతు గాలికి ఒకసారి దగ్గరకీ ఒకసారి దూరానికీ పోతోంది. తూర్పుగాలి. సముద్రం కనబడదు ఇక్కడినుంచి, నాలుక మీద ఉప్పగా ఉంటుంది అంతే.

హజరత్తయ్య అప్పుడే వచ్చాడు, పక్కింటి మనిషి, సముద్రం ఒడ్డున రొయ్యపిల్లల హేచరీలో పని. పుట్టగానే దర్గాలో మొక్కి వాళ్లమ్మ పెట్టిన పేరు, మనిషేమో శనివారం తప్పకుండా వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు. డ్యూటీకి పోతూ సైకిలు ఆపాడు.

"ఏందక్కా, నువ్వు చేస్తుండావు? సమాధానమన్న చూస్తే ఊరుకుంటాడా?"

"చూడమనే చేస్తుండా. నీ దగ్గర హేచరీ పైపు ఉందా?"

వాడికి నవ్వొచ్చింది, ఆపుకున్నాడు, మంచివాడు. హేచరీ పైపు అంటే ఈ చుట్టుపక్కల అందరికీ తెలుసు, రొయ్యపిల్లల తొట్లకి గాలిపెట్టే తెల్లటి సన్న పైపు, లోపల ఏముందో కనబడుతుంది. పాతబడినవి పారేస్తే జనం ఏరుకొచ్చి బట్టలు ఆరేసుకుంటారు, గొర్రెల్ని కట్టేస్తారు, ఇంకా తెలివైనవాళ్లు బండికి పెట్రోలు పైపుగా పెడతారు. పెట్టిన రోజు వెన్నలా ఉంటుంది. పదిహేను రోజులకు పెట్రోలు దాని సత్తువ పీల్చేసి వెదురుపుల్ల చేస్తుంది, అది కుంచించుకుపోయి ఎక్కడో రోడ్డు మధ్య జారి, కాలే ఇంజను మీద పెట్రోలు కారుస్తుంది. అల్లూరు బండ్లలో సగం ఆ జబ్బుతోనే షెడ్డుకు వచ్చేవి. "రొయ్యకి గాలిపెట్టే పైపు బండికి పెడతారంట! రొయ్యలకి పెట్రోలు పట్టండి పొండి!" అని, మా ఆయన పీకి, రోడ్డు మీదికి గిరాటేసేవాడు. హజరత్తయ్య సైకిలుకు బుట్ట కట్టిన ఆ పైపే విప్పి బారెడు ముక్క ఇచ్చాడు. ఇస్తూ మంచం వైపు చూసి, గొంతు పెంచి, "శుభ్రంగా పనికొస్తుందక్కా, నేను గ్యారంటీ" అన్నాడు. నా ఎత్తు వాడికి అర్థమైంది. కళ్లలో నీళ్లు తిరిగాయి వాడికి కూడా, సైకిలెక్కి వెళ్లిపోయాడు.

హేచరీ పైపు కోశాను. బిగించాను. బిగించి, తెల్లగా ఎంత ముద్దొస్తుందో అన్నాను. ఆ మాట నాకే అసహ్యంగా వినబడింది. మంచం వైపు చూశాను, అదే వీపు. కోడి ఒకటి వచ్చి పంపు పెట్టెను పొడిచి పోయింది. ఇక నా వల్ల కాలేదు. మనిషి లోపల ఉన్నాడో లేడో తెలియని ఇంటి తలుపు తట్టినట్టుంది, ఎంతసేపని తడతాం. పీట మీద అలాగే కూర్చుండిపోయాను. పెళ్లయిన కొత్తలో షెడ్డు వెనకే మా కాపురం, రేకు అవతల ఆయన పని, ఇవతల నా వంట. పది పదకొండు ఇవ్వు మే అని చెయ్యి చాపేవాడు రేకు సందులోంచి, తల తిప్పకుండా. పిండి చేత్తోనే స్పానరు అందించేదాన్ని. ఒకసారి పన్నెండు పదమూడు ఇస్తే, చూడకుండానే బరువును బట్టి, ఇది కాదు అన్నాడు. ఆ సందులోంచి నాకు కనబడింది ఎప్పుడూ ఆ చెయ్యే, ముఖం కంటే ఎక్కువగా. గోళ్లలో నలుపు, బొటనవేలి మీద కాలిన మచ్చ. వేళ్లు బిగుసుకుపోతాయి అంది ఆ పిల్ల. అవి బిగుసుకుపోతే నేను చూడలేను. అంతే, ఇంకేం లేదు, చూడలేను.

పోనీలే అనుకున్నాను చివరికి. నటన చాలు. బండైనా బాగుచేద్దాం, ఒకటైనా కదలనీ ఈ ఇంట్లో. హేచరీ పైపు పీకి అవతల పారేశాను. కొడుకు తెచ్చిన అసలైన నల్ల పైపు తీసి ముక్కలు కోశాను. చివరలు మూతులకు ఎక్కవు, ఎంత తోసినా ఎక్కవు, అప్పుడు గుర్తొచ్చింది, వేడినీళ్లలో ముంచేవాడు కదా అని. గ్లాసుతో వేణ్నీళ్లు తెచ్చుకుని ముంచితే మెత్తబడ్డాయి, లొంగాయి. క్లిప్పులు వేశాను. సన్న పైపు ఇంజనుకి. సీసాలో తెప్పించి ఉంచిన పెట్రోలు క్యానులో పోశాను. వాసన గుప్పుమంది, ఆ వాసనకి మా ఆయన చొక్కాలన్నీ ఒక్కసారి ఇంట్లోకి వచ్చినట్టయింది. మనసు కాస్త తేలిక పడింది నాకు. బండి తన్నుదామని లేస్తూ బాణం వైపు చూశాను.

తిరగేసి ఉంది. ఇందాక కావాలని తిరగేశాను కదా, సరిచేద్దామని పైపులు మార్చాను. పైపులు మార్చినదాన్ని ఊరుకోకుండా పంపును కూడా తిప్పి పెట్టాను. రెండూ తిరిగి మళ్లీ మొదటికే వచ్చాయి. అడుసు తొక్కనేల, కాలు కడగనేల. నాటకం ఆడినంతసేపు తప్పు కోసం తడుముకున్నాను, నిజంగా చేస్తే అదే దానంతట అదే వచ్చింది. నవ్వొచ్చింది, చిరాకొచ్చింది, ఆ చిరాకులో క్యాను పైపు చివర పట్టుకుని పంపు మూతి నుంచి లాగేశాను. క్యానులో పెట్రోలు ఉందన్న సంగతి అది చీర మీద పడ్డాక తెలిసింది.

బొటనవేలు అడ్డం పెట్టాను. ఆగింది. పైకెత్తుదామంటే పైపు జానెడే, మడుద్దామంటే మడత పడదు. రెండో చేత్తో పంపు, దాని పైపులు అటూ ఇటూ లాగుతున్నాయి. వదిలితే పంపు జారుతుంది, ఇది వదిలితే పెట్రోలు పోతుంది. పోతే పోయింది, నేల తాగుతుంది, ఏం ములిగింది? ఇప్పుడు చెప్పమంటే ఎన్నయినా చెబుతాను. ఆ క్షణాన అది తోచనే లేదు. పాలు పొంగుతుంటే, చేతులు పిండిలో ఉంటే ఆడది ఎలా అరుస్తుందో అలాగే, తల కూడా తిప్పకుండా అరిచాను.

"ఇదుగో, ఏమయ్యా, చెయ్యి ఖాళీ లేదు, వచ్చి దీన్ని పట్టుకో!"

అని, మళ్లీ పంపులోకి చూస్తూ ఉండిపోయాను. నులక కిర్రుమంది. అప్పటికిగాని నేనేమన్నానో నా చెవులకు చేరలేదు. మూడు నెలలుగా ఈయనకి తినిపించాం, తుడిచాం, తిప్పి పడుకోబెట్టాం, నెత్తిన చెయ్యి పెట్టి ప్రార్థించాం, బంతి ఇచ్చాం. అందరం ఇస్తూనే ఉన్నాం. ఈయన దగ్గర ఒక్కటంటే ఒక్కటి అడిగిన వాళ్లు లేరు, మంచినీళ్ల చెంబు అందించు అన్నవాళ్లు కూడా లేరు. నేనూ అడగలేదు. గంట నుంచి ఈయన చుట్టూ ఇంత నాటకం కట్టాను గాని, రా అని నోరు తెరిచి పిలవలేదు.

గోడ వెంట కాలు ఈడ్చుకుంటున్న చప్పుడు. నేను తల ఎత్తలేదు, ఎత్తితే పాడవుతుందేమోనని. వసారా గుంజ దగ్గర ఆగింది. గుంజ నుంచి బండి సీటు దాకా పట్టుకోవడానికి ఏమీ లేదు, రెండడుగులు. ఊపిరి వినబడింది. ఎడమచెయ్యి సీటు మీద పడింది, దాని మీదే బరువంతా, అది ఇక అక్కడినుంచి కదలడానికి లేదు. కాబట్టి రెండోదే రావాలి. వచ్చింది, భుజం నుంచి మొత్తంగా, నీళ్లలోంచి లాగినట్టు మెల్లగా. బొటనవేలూ చూపుడువేలూ పైపు కోసం తడుముకుని, ఒకసారి తప్పి, పట్టుకున్నాయి. నా వేలు తీశాను.

పట్టు చాలలేదు. పెట్రోలు ఆయన మణికట్టు మీదుగా మోచేతి దాకా జారి చుక్కలు పడుతోంది. "గట్టిగా నొక్కు" అన్నాను, ప్రేమగా కాదు, పని చెప్పినట్టే. నొక్కాడు. చుక్కలు తగ్గాయి, ఆగలేదు. నేను పంపు తిప్పి, మిగతా పైపులు వాటి వాటి మూతులకు ఎక్కించి క్లిప్పులు వేశాను. ఇక మిగిలింది ఆయన చేతిలో ఉన్నదొక్కటే. ఇటివ్వు అని చెయ్యి చాపాను. ఇవ్వలేదు. నోటి ఒకవైపు నుంచి, ముద్దగా, "ఉం...డు మే" అన్నాడు.

వాక్యం అయిపోయింది, ఆశీర్వాదం చెబుతున్నారు, ఇంకాసేపటికి సంఘమంతా ఈ దారినే ఇళ్లకు పోతుంది, ఈ వంగిన నడుమునూ ఈ వణికే చేతినీ చూసే పోతుంది. ఆయనకది వినబడే ఉంటుంది. ఆయన చూపు పంపు మూతి మీదే ఉంది. పైపు చివర మూతికి తగిలి పక్కకు పోయింది. మళ్లీ తెచ్చాడు, మళ్లీ పోయింది. నేను తోసి పెడితే క్షణం పని. నేను రెండు చేతులా పంపును కదలకుండా పట్టుకుని కూర్చున్నాను. కళ్లు తుడుచుకుందామన్నా వీల్లేదు, రెండు చేతులూ ఆయన పనిలోనే ఉన్నాయి.